మహమ్మారి రోజుల్లో ఆపరేషన్: ఇప్పుడే చేయించుకోవాలా, ఆగాలా?

2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆపేశారు. అదే రోజు కేంద్ర ఆరోగ్యశాఖ ఆసుపత్రులకు ఒక సూచన పంపింది. అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేయండి అని. అప్పట్లో నేను తిరుపతిలో ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో నర్సుని. డేట్ ఇచ్చిన వాళ్లందరికీ ఫోన్ చేసి "ఇప్పుడు రావద్దు" అని చెప్పే పని నాకు పడింది. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఇచ్చారు. ఎడమ పక్క పేరు, ఊరు, ఏ ఆపరేషన్. కుడి పక్క "మళ్లీ ఎప్పుడు" అని స్కేలు పెట్టి గీసిన గడి. ఆ గడి నెలల తరబడి ఖాళీగానే ఉండిపోయింది.

పాకాల పక్క పల్లె నుంచి ఒక పెద్దాయనకు గజ్జల్లో హెర్నియా, అంటే పొట్ట గోడ బలహీనపడిన చోట పేగు బయటికి ఉబ్బుకురావడం. ఫోన్‌లో ఆయన "అట్లే కానీ సిస్టరమ్మా, రొంత నొప్పే కదా, ఓర్చుకుంటా" అన్నారు. ఎంత నొప్పి వరకు ఓర్చుకోవచ్చు, ఎలాంటి నొప్పి వస్తే పరుగెత్తుకు రావాలి అన్నది నేను చెప్పలేదు. ఆ పూట నాకు ఇంకా నలభై ఫోన్లు ఉన్నాయి. మే నెలలో ఒక రాత్రి పేగు ఇరుక్కుపోయి అంబులెన్సులో వచ్చారు. ప్రాణం దక్కింది, కానీ పేగు కొంత కోసేయాల్సి వచ్చింది. వాయిదా వేయడం తప్పు కాలేదు. ఏం చెప్పకుండా వాయిదా వేయడం తప్పయింది. అప్పటినుంచి నాకు ఒకటే పట్టుదల. వాయిదా కూడా వైద్యంలో భాగమే, కాబట్టి దానికీ ఒక కారణం, ఒక గడువు, ఒక జాగ్రత్తల చీటీ ఉండి తీరాలి.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఇంకో మహమ్మారి రాదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ రాసి ఉంటే ఎలా ఆలోచించాలో వరసగా చెబుతాను. తుది మాట మిమ్మల్ని చూసిన సర్జన్‌ది, మత్తు డాక్టర్‌ది. వాళ్ల ముందు ఏం అడగాలో తెలిసి కూర్చోవడానికి ఇది పనికొస్తుంది.

మొదటి అడుగు: మీ ఆపరేషన్ ఏ వరసలో ఉందో కనుక్కోండి

ఆసుపత్రుల్లో "ఎలక్టివ్" అనే మాట వాడతారు. చాలామంది దాన్ని "అంత అవసరం లేని ఆపరేషన్" అని అర్థం చేసుకుంటారు. అది సరికాదు. ముందుగా తేదీ పెట్టుకుని చేయగలిగిన ప్రతి ఆపరేషనూ ఎలక్టివే. రొమ్ము క్యాన్సర్‌కి చేసేదీ అందులోకే వస్తుంది, ముక్కు వంకర సరిచేసేదీ అందులోకే వస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి "కరోనా పోయాక చూద్దాంలే" అనుకోవడం వల్లే చాలా ఇళ్లలో నష్టం జరిగింది.

2020లో బ్రిటన్ సర్జన్లు ఆపరేషన్లను గడువును బట్టి విడగొట్టుకున్నారు. 24 గంటల్లో చేయాల్సినవి, 72 గంటల్లో చేయాల్సినవి, నాలుగు వారాల లోపు, మూడు నెలల లోపు, మూడు నెలలు దాటినా ఆగగలిగినవి. మన డాక్టర్లు ఈ పేర్లతో చెప్పకపోవచ్చు, కానీ ప్రతి సర్జన్ మనసులోనూ ఇలాంటి లెక్క ఉంటుంది. అందుకే "సార్, ఇది అర్జెంటా?" అని అడగకండి. దానికి "అర్జెంటేం కాదు" అన్న జవాబే వస్తుంది, దాంతో మీకు తెలిసేది ఏమీ ఉండదు. "సార్, ఇది వారాల్లో అయిపోవాల్సిందా, నెలలు ఆగగలిగిందా? ఎన్ని నెలలు దాటితే మీకు భయం?" అని అడగండి. చెప్పిన అంకెను ఓపీ చీటీ వెనకాలే రాసుకోండి.

రెండో అడుగు: ఆగితే ఏమవుతుందో చూడండి

నిర్ణయం అంతా ఇక్కడే ఉంది, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం. జబ్బు జబ్బుకీ జవాబు మారిపోతుంది.

క్యాన్సర్ అని తేలితే, లేదా అనుమానం ఉంటే, మహమ్మారి పేరు చెప్పి మీ అంతట మీరు ఆగకండి. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, క్యాన్సర్ ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన కొద్దీ చనిపోయే ముప్పు 6 నుంచి 8 శాతం వరకు పెరుగుతున్నట్టు తేలింది. అంటే వందలో ఎనిమిది మంది అదనంగా పోతారని కాదు, ఉన్న ముప్పు అంత మేర పెరుగుతుందని. ఒక్కోసారి డాక్టర్లే ముందు కీమోతోనో మాత్రలతోనో మొదలుపెట్టి ఆపరేషన్‌ను కొన్ని వారాలు వెనక్కి జరుపుతారు. అది వేరు. అక్కడ వైద్యం నడుస్తూనే ఉంటుంది.

ఇందులోనే ఇంకో ముఖ్యమైన మాట. ఆపరేషన్ ఆగినా పరీక్ష ఆగకూడదు. రొమ్ములో గడ్డ, ముట్లు ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనపడటం, నలభై దాటిన మనిషికి మలంలో రక్తం. వీటిని "మొలలే అయ్యుంటాయి", "వేడి చేసుంటుంది" అని సర్దిచెప్పుకుని నెలలు గడిపేసిన వాళ్లు నా నోట్‌బుక్‌లో ఉన్నారు. ముందు అదేంటో ముక్క పరీక్షతోనో స్కోపీతోనో తేల్చుకోండి. తేలాకే ఆగడమా వద్దా అన్న ప్రశ్న.

హెర్నియా సంగతి వేరు. మగవాళ్లకు గజ్జల్లో వచ్చే హెర్నియా, పడుకుంటే లోపలికి వెళ్లిపోతూ పెద్దగా నొప్పి లేకుండా ఉంటే, కొన్ని నెలలు కనిపెట్టుకుని ఉండొచ్చు. ఆడవాళ్లకు తొడ మొదట్లో వచ్చే హెర్నియా మాత్రం ఇరుక్కుపోయే అవకాశం ఎక్కువ, దాన్ని వాయిదా వేయడానికి సర్జన్లు ఇష్టపడరు. ఎవరికైనా సరే, ఉబ్బు గట్టిపడి లోపలికి వెళ్లకపోయినా, దాని మీద చర్మం ఎర్రబడినా, వాంతులు మొదలైనా, గాలి కూడా పోకుండా కడుపు బిగుసుకుపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. పాకాల పెద్దాయనకు నేను చెప్పాల్సింది ఈ ఒక్క వాక్యమే.

గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఉన్నా ఎప్పుడూ నొప్పి రాని వాళ్లు నిశ్చింతగా ఆగొచ్చు. అసలు చాలామందికి ఆపరేషనే అక్కర్లేదు. ఒకసారి నొప్పి వచ్చి తగ్గిన వాళ్లు ఆగొచ్చు కానీ నూనె, నెయ్యి, వేపుళ్లు తగ్గించుకుని ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. తరచుగా నొప్పి వస్తుంటే, కళ్లు పచ్చబడితే, చలిజ్వరం వస్తే, నొప్పి ఐదారు గంటలైనా విడవకపోతే, లేదా వీపులోకి పొడుచుకుంటూ వాంతులైతే అది మహమ్మారి కోసం ఆగే జబ్బు కాదు. కిడ్నీ రాళ్ల విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. రాయి నొప్పితో పాటు జ్వరం వచ్చిందా, ఆ రోజే వెళ్లాలి.

పెద్దవాళ్ల కంటి శుక్లం మామూలుగా నెలలు ఆగుతుంది. అయితే ఒక కన్ను ముందే పోయి, ఉన్న ఒక్క కంటికీ శుక్లం కమ్మిన మనిషి రాత్రి బాత్రూమ్‌కి లేచి పడితే తుంటి విరుగుతుంది, అప్పుడది అత్యవసర ఆపరేషన్ అవుతుంది. అలాంటి వాళ్లను ముందు వరసలో పెట్టమని డాక్టర్‌ని అడగండి. శుక్లం బాగా ముదిరి కన్ను ఎర్రబడి నొప్పి పుడితే, లేదా ఉన్నట్టుండి కంటి ముందు నల్లటి తెర దిగినట్టుంటే అలిపిరి దగ్గర అరవింద్‌కో, దగ్గరలో ఉన్న ఏ కంటి ఆసుపత్రికో అదే రోజు వెళ్లండి. పసిపిల్లల శుక్లం అసలు ఆగకూడదు. వారాలు గడిచేకొద్దీ చూపు నేర్చుకునే వయసు దాటిపోతుంది. మగపిల్లాడికి వృషణం కిందికి దిగకపోతే ఏడాది, ఏడాదిన్నర లోపు చేయించడం మంచిది. పుట్టి ఆరు నెలలైతే కొంత వ్యవధి ఉంది, పద్నాలుగో నెలలో ఉంటే లేదు.

మోకీలు మార్పిడి దాదాపు ఎప్పుడూ ఆగగలదు. ఇందులో ప్రమాదం ఆగడంలో లేదు, ఆగుతూ మింగే మాత్రల్లో ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు నెలల తరబడి వేసుకుంటే, అందులోనూ షుగర్, బీపీ ఉన్నవాళ్లకు, కిడ్నీలు దెబ్బతింటాయి. మోకాలి ఆపరేషన్ కోసం ఆగి చివరికి డయాలసిస్ దాకా వెళ్లడం కంటే బాధాకరం ఏముంటుంది. ఏ మాత్ర, రోజుకెన్ని, ఎన్ని రోజులు అన్నది డాక్టర్‌తో రాయించుకోండి.

గర్భసంచి ఆపరేషన్ గురించి కొంచెం మనసు విప్పి మాట్లాడాలి. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ముప్పై అయిదేళ్లకే తీయించేసుకున్న అక్కచెల్లెళ్లను నేను వార్డులో ఎందరినో చూశాను. రక్తస్రావం ఎక్కువైనప్పుడు దాన్ని తగ్గించే మాత్రలు ఉన్నాయి, గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది, ఐరన్ ఉంది. మహమ్మారి వల్ల మూడు నెలలు వాయిదా పడితే ఆ మూడు నెలల్లో ఇంకో గైనకాలజిస్టు అభిప్రాయం తీసుకోండి. ఆపరేషన్ లేకుండానే సర్దుకున్న వాళ్లున్నారు. అయితే హిమోగ్లోబిన్ ఏడుకో ఎనిమిదికో పడిపోయి మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే అది ఆగే కేసు కాదు.

డయాలసిస్ దగ్గరపడుతున్న వాళ్లకు చేతికి వేసే ఫిస్టులా, అంటే సూది గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్, కూడా వాయిదా వేయకండి. వేశాక అది పక్వానికి రావడానికి వారాలు పడుతుంది.

మూడో అడుగు: చేయించుకుంటే ఏమవుతుందో చూడండి

మామూలు రోజుల్లో ఆపరేషన్ ముప్పు అంటే మత్తు, రక్తస్రావం, ఇన్ఫెక్షన్. మహమ్మారిలో వీటికి ఇంకొకటి తోడవుతుంది. ఆపరేషన్‌కు కాస్త ముందో తర్వాతో వైరస్ తగలడం. 2020 మే నెలలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూసి మా వార్డులో అందరం నిశ్శబ్దం అయిపోయాం. 24 దేశాల్లో 1,128 మంది, ఆపరేషన్ సమయంలో కరోనా సోకిన వాళ్లు. అందులో సగం మందికి ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయి. నెల లోపు చనిపోయిన వాళ్లు 23.8 శాతం. అందులో ఎక్కువ భాగం అత్యవసర ఆపరేషన్లే, టీకాలు లేని రోజులు కూడా. ఆ అంకెను ఈరోజుకు యథాతథంగా తీసుకోకూడదు. కానీ కొత్త వైరస్ వచ్చిన మొదటి నెలల్లో జాగ్రత్త ఎందుకో అది చెబుతుంది. డెబ్బై దాటిన వాళ్లు, మగవాళ్లు, ముందే వేరే జబ్బులున్న వాళ్లు, పెద్ద ఆపరేషన్ జరిగిన వాళ్లు ఎక్కువగా నష్టపోయారు.

కాబట్టి మీ వయసు, షుగర్, బీపీ, గుండె, ఆస్తమా, పొగ అలవాటు, బరువు, ఇవన్నీ దాచకుండా మత్తు డాక్టర్‌కి చెప్పండి. పూర్తి మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేసే ఆపరేషనా, నడుముకి సూది వేసి చేసేదా, కంటికి మాత్రమే మందు వేసి చేసేదా అన్నది కూడా అడగండి. అరగంటలో అయిపోయి సాయంత్రానికి ఇంటికెళ్లే శుక్లం ఆపరేషన్, వారం రోజులు వార్డులో ఉండాల్సిన పొట్ట ఆపరేషన్ ఒక్కటి కావు. ఆసుపత్రిలో గడిపే ప్రతి రాత్రీ లెక్కలోకి వస్తుంది.

నాలుగో అడుగు: ఆసుపత్రి, దారి, తోడు

మహమ్మారిలో ఆసుపత్రుల రూపమే మారిపోతుంది. మన దగ్గర పద్మావతి ఆసుపత్రిని కోవిడ్‌కే కేటాయించారు, యాత్రికులు దిగే శ్రీనివాసం, విష్ణునివాసం కూడా కోవిడ్ కేంద్రాలయ్యాయి. మీరు వెళ్లాలనుకున్న చోట ఆపరేషన్ పేషెంట్లకు వేరే దారి, వేరే వార్డు ఉన్నాయా? ఐసీయూలో మంచం దొరుకుతుందా? ఆక్సిజన్ సరఫరా నిలకడగా ఉందా? బ్లడ్ బ్యాంకులో మీ గ్రూపు ఉందా? లాక్‌డౌన్‌లో రక్తదాన శిబిరాలు ఆగిపోయి రక్తానికి కటకట పడింది, అందుకే రక్తం అవసరమయ్యే ఆపరేషన్ అయితే ఇద్దరు దాతలను ముందే మాట్లాడుకోండి. ఫోన్‌లో ఈ ప్రశ్నలు అడిగితే విసుక్కునే ఆసుపత్రి కంటే, ఓపికగా చెప్పే చిన్న ఆసుపత్రే నయమని నా అనుభవం.

మనవాళ్లకు, ముఖ్యంగా చిత్తూరు వైపు వాళ్లకు, ఇంకో సమస్య ఉంది. పెద్ద జబ్బంటే మన కాళ్లు తమిళనాడులోని వేలూరు సీఎంసీ ఆసుపత్రి వైపే నడుస్తాయి. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. కానీ మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. 2020 ఏప్రిల్ చివర్లో వేలూరు జిల్లా యంత్రాంగం మన వైపు వచ్చే రెండు రోడ్ల మీద, సైనగుంట దగ్గర, పొన్నై దారిలో, అడ్డంగా గోడలే కట్టించింది. విమర్శలు వచ్చాక తీసేశారు. గోడ పోయినా, సరిహద్దు దాటడానికి కావాల్సిన ఈ-పాస్ తిప్పలు చాలాకాలం ఉన్నాయి. ఆపరేషన్ ఒక్కరోజుతో తీరేది కాదు. పదో రోజు కుట్లు విప్పించుకోవాలి, జ్వరమొస్తే మళ్లీ వెళ్లాలి. సరిహద్దు అవతల చేయించుకునేటట్టయితే, తర్వాత డ్రెస్సింగ్‌కీ కుట్లకీ ఇవతల ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి. అదే వైద్యం తిరుపతిలోనో చిత్తూరులోనో దొరుకుతుందేమో ఒకసారి ఆలోచించండి. ఎముకల ఆపరేషన్ అయితే బర్డ్ ఉంది, గుండె, కిడ్నీ లాంటి వాటికి స్విమ్స్ ఉంది, కుప్పం వైపు వాళ్లకు పీఈఎస్ ఉంది.

తోడు ఒక్కరే ఉండనిస్తారు. ఆ ఒక్కరు ఎవరన్నది ఇంట్లోనే తేల్చుకోండి. ఆరోగ్యంగా ఉండి, చదవగలిగి, ఫోన్ వాడగలిగి, నాలుగు రోజులు కదలకుండా ఉండగలిగిన మనిషి కావాలి. పెద్ద కొడుకే ఉండాలన్న పట్టింపు వద్దు. ఇంకో మాట, పలకరింపులు. ఆపరేషన్ అయిన మనిషిని చూడటానికి పళ్లు పట్టుకుని పది మంది రావడం మన అలవాటు, ప్రేమతోనే వస్తారు. ఆ నెల రోజులు ఫోన్‌లోనే పలకరించమని ఇంటి పెద్ద ముందే అందరికీ చెప్పేస్తే ఎవరూ నొచ్చుకోరు.

అయిదో అడుగు: రెండూ పక్కపక్కన పెట్టి గడువు వేయండి

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా అత్తగారికి అరవై ఒకటి, షుగర్ ఉంది, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. 2020 ఆగస్టులో రెండుసార్లు నొప్పి వచ్చింది. అప్పుడు ఆంధ్రలో కేసులు శిఖరం మీద ఉన్నాయి. వంటింటి గట్టు మీద ఒక తెల్లకాగితం పెట్టి మధ్యలో గీత గీశాను. ఒక పక్క: జ్వరం లేదు, కామెర్లు లేవు, మాత్రలకు నొప్పి తగ్గుతోంది. ఇంకో పక్క: షుగర్ 260, పూర్తి మత్తు కావాలి, వార్డులన్నీ నిండి ఉన్నాయి. ఫోన్‌లో సర్జన్ అన్నీ విని, "ఆరు వారాలు ఆగుదాం, షుగర్ దించండి, ఈ లోపు ఒక్కసారి చలిజ్వరం వచ్చినా తీసుకురండి" అన్నారు. "ఏం అమ్మాయ్, నన్ను ఇట్లే వదిలేస్తారా?" అని మా అత్తగారు బాధపడ్డారు. వదిలేయలేదు. ఆరు వారాల తర్వాత మళ్లీ చూపించి, కేసులు బాగా తగ్గిన డిసెంబరులో చేయించాం. మూడో రోజు ఇంటికొచ్చేశారు.

ఇక్కడ గమనించాల్సింది ఆ డిసెంబరు. మహమ్మారి అలల మాదిరి వస్తుంది. మొదటి అల తగ్గాక కొన్ని నెలలు ఖాళీ దొరికింది. "పూర్తిగా పోనీలే" అని అప్పుడు కూడా ఆగిన వాళ్లు 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇంకా పెద్ద అలలో చిక్కుకున్నారు. వైరస్ పూర్తిగా పోయే రోజు కోసం ఎదురుచూడకండి. కేసులు తగ్గి, ఆసుపత్రిలో మంచాలు ఖాళీ అయిన మొదటి నెలలోనే చేయించేసుకోండి. అప్పుడు ఆషాఢమనో మూఢమనో ఇంకో నెల జరిపితే ఆ ఖాళీ చేజారిపోతుంది. నమ్మకం ఉన్నవాళ్లు ఆ నెలలోనే మంచి రోజు చూసుకోండి, దొరుకుతుంది.

ఆగాలని తేలితే

డాక్టర్ చేత ఒక చీటీ రాయించుకోండి, లేదా ఆయన చెబుతుంటే మీరే రాసుకోండి. అందులో ఇవి ఉండాలి: ఎందుకు ఆగుతున్నాం, మళ్లీ ఏ తేదీన చూపించాలి, ఏ గుర్తు కనపడితే ఆ తేదీ దాకా ఆగకుండా రావాలి, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి. ఈ చీటీని ఫైల్లో దాచకండి. ఫ్రిజ్ మీదో, దేవుడి క్యాలెండర్ పక్కనో అతికించండి. ఇంట్లో అందరి కంటా పడాలి, ఎందుకంటే నొప్పి వచ్చిన మనిషి "ఏం కాలేదులే" అంటారు, చీటీ చదివిన మనవరాలు 108కి ఫోన్ చేస్తుంది.

ఆగే నెలలను ఊరికే పోనివ్వకండి. షుగర్ అదుపులోకి తెచ్చుకోండి, మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) ఎనిమిది లోపుంటే గాయం త్వరగా మానుతుంది. బీడీ, సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే మత్తు ముప్పు, గాయం చీము పట్టే ముప్పు రెండూ తగ్గుతాయి. రోజూ నడవండి. రక్తం తక్కువుంటే ఐరన్ వాడండి. మూడు బంతుల ఊపిరి పరికరం కొనుక్కుని ముందునుంచే అలవాటు చేసుకోండి. రక్తం పల్చబడే మాత్రలు, గుండె మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, వాట్సాప్‌లో ఎవరు చెప్పినా సరే.

ఆసుపత్రికి వెళ్లలేకపోతే ఫోన్‌లోనో, ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ ఇ-సంజీవనిలోనో డాక్టర్‌తో మాట్లాడొచ్చు. ఆరోగ్య సలహాలకు 104 నంబరు ఉంది. వైద్య సేవ (అప్పట్లో ఆరోగ్యశ్రీ) కార్డు మీద ఆపరేషన్‌కు అప్రూవల్ వచ్చి ఆగిపోయిన వాళ్లు అది ఎన్నాళ్లు చెల్లుతుందో, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే మిత్రాను అడిగి తేదీ రాసుకోండి. సొంత మెడిక్లెయిమ్ ఉంటే, ఆపరేషన్ వాయిదా పడిందని ప్రీమియం కట్టడం ఆపేయకండి. పాలసీ పోతే ఉన్న జబ్బుకు మళ్లీ ఏళ్లు ఆగాల్సి రావొచ్చు.

చేయించుకోవాలని తేలితే

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు పెళ్లిళ్లు, తద్దినాలు, జాతరలు, గుంపులు వద్దు. పేషెంట్ ఒక్కరే కాదు, ఇంట్లో వాళ్లు కూడా. ఆసుపత్రి చెప్పిన రోజున పరీక్ష చేయించుకోండి, మామూలుగా రెండు మూడు రోజుల ముందు ఉంటుంది. పరీక్ష ఇచ్చాక ఆపరేషన్ దాకా బయట తిరగకండి. లేకపోతే ఆ నెగెటివ్ కాగితానికి విలువ లేదు. దగ్గు, జ్వరం, వాసన పోవడం లాంటివి ఏ కొంచెం ఉన్నా దాచొద్దు. డేట్ పోతుందన్న భయంతో దాచిన వాళ్లను చూశాను, తర్వాత వాళ్లే ఐసీయూలో పడ్డారు. టీకా దొరుకుతుంటే ముందే వేయించుకోండి. టీకాకీ ఆపరేషన్‌కీ మధ్య వారం ఎడం ఉంటే, జ్వరం వచ్చినప్పుడు అది టీకా వల్లా, గాయం వల్లా అన్న గందరగోళం ఉండదు.

ఇంటికొచ్చాక మంచం మీదే ఉండిపోకండి, డాక్టర్ నడవమన్నప్పుడు నడవండి. పిక్క ఒకవైపే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా ఫోన్ చేసి వెంటనే బయలుదేరండి.

మధ్యలో వైరస్ సోకితే

ఆపరేషన్ డేట్ ఇంకో పది రోజులుందనగా పాజిటివ్ వచ్చిందనుకోండి. 2020 అక్టోబరులో 116 దేశాల్లో ఒక లక్షా నలభై వేల మందికి పైగా రోగుల మీద చేసిన అధ్యయనంలో తేలింది ఇది. కరోనా రాని వాళ్లలో ఆపరేషన్ తర్వాత నెల లోపు మరణాలు 1.5 శాతం. పాజిటివ్ వచ్చిన రెండు వారాల లోపు చేయించుకున్న వాళ్లలో 4.1 శాతం. అయిదారు వారాలకు కూడా 3.6 శాతమే, పెద్దగా తగ్గలేదు. ఏడు వారాలు దాటాక మళ్లీ 1.5కి వచ్చింది. అందుకే అప్పట్లో ఏడు వారాలు ఆగమన్నారు. ఏడు వారాలైనా దగ్గు, ఆయాసం పోని వాళ్లలో మాత్రం అది 6 శాతం ఉంది, వాళ్లు ఇంకా ఆగాలి. టీకాలు అందరికీ అందాక, వైరస్ తీవ్రత తగ్గాక డాక్టర్లు ఈ గడువును మనిషిని బట్టి తగ్గిస్తూ వచ్చారు. కొత్త వైరస్‌కు కొత్త లెక్క ఉంటుంది. కాబట్టి ఎన్ని వారాలు అన్నది అప్పుడున్న సూచనలను బట్టి అడగండి, కానీ "నెగెటివ్ వచ్చింది కదా, రేపే చేసేయండి" అని తొందరపెట్టకండి. కరోనాకు స్టెరాయిడ్లు వాడిన వాళ్లు షుగర్ మళ్లీ చూపించుకున్నాకే ఆపరేషన్ బల్ల ఎక్కాలి.

ఆసుపత్రి మళ్లీ తెరిచాక

2020లో మొదటి అల ఉధృతంగా ఉన్న పన్నెండు వారాల్లోనే ప్రపంచమంతా కలిపి 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు ఆగిపోతాయని అంచనా వేశారు. అంటే తెరిచిన రోజున వరస చాలా పెద్దదిగా ఉంటుంది. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుందని కూర్చోకండి. మీ నంబరు మారి ఉండొచ్చు, నా నోట్‌బుక్‌లో మూడో వంతు ఫోన్లు కలవలేదు. మీరే వెళ్లి పేరు, కొత్త నంబరు, ఇంట్లో ఇంకొకరి నంబరు రాయించండి. ఈ మధ్యలో నొప్పి ఎన్నిసార్లు వచ్చింది, బరువు తగ్గిందా, ఏ మాత్రలు మారాయి అన్నది ఒక కాగితం మీద తీసుకెళ్లండి. పాత ఫైల్‌తో పాటు ఆ కాగితం చూస్తే, మీరు వరసలో ముందుకు జరగాల్సిన కేసో కాదో డాక్టర్‌కి అర్థమవుతుంది. పాత స్కానింగ్, ఈసీజీ, రక్త పరీక్షలు నెలలు దాటితే మళ్లీ చేయమంటారు, డబ్బులు ఆ మేరకు చూసుకోండి. మత్తు డాక్టర్ ఫిట్‌నెస్ కూడా మళ్లీ కావాలి.

సోమవారం పొద్దున ఓపీ కిటకిటలాడుతుంది. వారం మధ్యలో, పదకొండు దాటాక వెళ్తే ఫైల్ తీసి చూసి మాట్లాడే తీరిక వార్డు సిస్టర్‌కి ఉంటుంది. చేతిలో ఆ చీటీ, పెన్ను పట్టుకుని వెళ్లండి. కొత్త తేదీ ఆవిడ చేతే రాయించుకుని బయటికి రండి.